మనిషిని అందంగా చేసేది ఏమిటి? కతోలిక విశ్వాసం చెప్పే జవాబు

అమ్మా, మీ ప్రశ్న జాగ్రత్తగా చదివాను. చిన్నప్పటి నుంచి 'నల్లపిల్ల' అనే మాట వింటూ పెరిగానని, ఫోటో చూసి వెనక్కి తగ్గిన సంబంధాలు ఉన్నాయని రాశారు. 'అందం మనసులో ఉంటుంది' అని గుడిలో ఎవరైనా అంటే అందం లేనివాళ్లను ఊరడించడానికి అన్నట్టు ఉంటుందని కూడా రాశారు. అసలు మనిషిని అందంగా చేసేది ఏమిటో శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, ఏమైనా చెబుతుందా, అందంగా కనపడాలనుకోవడం పాపమా అని అడిగారు. మా విచారణలో, అంటే మా గుడి పరిధిలో, పెళ్లికి సిద్ధమయ్యే జంటలకు చాలా ఏళ్లుగా తరగతులు చెబుతున్నాను. అంతకుముందు బడిలో పిల్లలకు సత్యోపదేశం చెప్పేదాన్ని. మీరు బయటికి అడిగిన ఈ మాటను ఆడపిల్లలు తరగతి అయిపోయాక, కాబోయే భర్త బండి తీయడానికి వెళ్లినప్పుడు, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడుగుతుంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ చిరాకు న్యాయమైనదే. 'అందం మనసుది, ఒళ్లుదేముంది, మట్టిలో కలిసేదేగా' అన్న మాట వినడానికి భక్తిగా ఉంటుంది గానీ, అది మన విశ్వాసం కాదు. దేవుడు మనిషిని తన పోలికలో చేశాడంటే ఆ పోలికలో శరీరానికీ పాలుందని శ్రీసభ బోధలను కూర్చిన సత్యోపదేశ గ్రంథం 364వ అంశం చెబుతుంది. 1965లో ప్రపంచంలోని బిషప్పులంతా కూడిన రెండవ వాటికన్ మహాసభ ఇంకా గట్టిగా చెప్పింది: మనిషి తన శరీరాన్ని చిన్నచూపు చూడకూడదు, దేవుడే దాన్ని సృష్టించాడు, చివరి రోజున ఆయనే లేపుతాడు, అందుకని దాన్ని మంచిదిగా, గౌరవించదగినదిగా ఎంచాలి. ఇది పుస్తకాల్లో మాటగానే లేదు. పండుగ పూజలో ధూపం వేసేటప్పుడు గమనించండి. బలిపీఠానికి వేస్తారు, సువిశేష గ్రంథానికి వేస్తారు, పూజ చేసే గురువుకు (ఫాదర్‌కు) వేస్తారు, ఆ తరువాత అదే ధూపాన్ని జనం వైపు తిరిగి, తల వంచి, జనానికీ వేస్తారు. ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు వేరే ధూపం, వెనక చాప మీద కూర్చున్నవాళ్లకు వేరే ధూపం ఉండదు. మనిషి పోయాక భూస్థాపనకు ముందు ఆ శవపేటిక మీద పవిత్ర జలం చల్లి ధూపం వేస్తారు. ప్రాణం పోయిన ఒంటికి బలిపీఠానికి చేసినంత మర్యాద దేనికి? జ్ఞానస్నానం అందుకున్న ఒళ్లు అది, పవిత్రాత్మ నివసించిన ఆలయం అది, తిరిగి లేవబోయే ఒళ్లు అది.

బైబిలు కూడా పై అందం గురించి మాట్లాడటానికి సిగ్గుపడదు. 'మనుషులు పైరూపం చూస్తారు, దేవుడు హృదయం చూస్తాడు' అని సమూయేలు ప్రవక్తకు దేవుడు చెప్పిన మాట అందరూ ఎత్తి చెబుతారు. అదే అధ్యాయంలో కాస్త కిందికి వస్తే దావీదు లోపలికి వస్తాడు. అతడు అందమైన కళ్లవాడు, చూడచక్కనివాడు అని ఉంటుంది అక్కడ. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఆ దావీదు కొడుకు అబ్షాలోము గురించైతే అరికాలి నుంచి నడినెత్తి దాకా వంక పెట్టడానికి లేదని రాశారు. అతని జుట్టు కత్తిరించి తూస్తే 200 షెకెలుల బరువు. అంత అందగాడు తండ్రి మీద తిరగబడి, ఆ తలే చెట్టుకొమ్మల్లో చిక్కుకుని చచ్చాడు. అంటే అందం ఉంది, దాన్ని మెచ్చుకోవచ్చు. మనిషి ఎలాంటివాడో తేల్చడానికి మాత్రం అది చాలదు.

ప్రొటెస్టంటు బైబిలులో లేని, మన కతోలిక బైబిలులో ఉండే సీరా పుత్రుడి జ్ఞానగ్రంథం 11వ అధ్యాయం మొదట్లో మీకోసమే రాసినట్టున్న మాట ఒకటుంది. అందంగా ఉన్నాడని ఎవరినీ పొగడవద్దు, చూడటానికి బాగాలేడని ఎవరినీ ఏవగించుకోవద్దు అని చెప్పి, వెంటనే తేనెటీగను చూపిస్తాడు: ఎగిరేవాటిలో అది ఎంతో చిన్నది, అయినా అది ఇచ్చేదే తీపి పదార్థాలన్నింటిలోకి మేటి. పెళ్లిచూపులు జరిగే ప్రతి కతోలిక ఇంట్లో ఆ రోజు పొద్దున ఈ వచనాలు చదివితే బాగుంటుందని నా కోరిక.

ఇక అసలు విషయం. నాలుగు సువిశేషాలూ తిరగేసినా యేసు ప్రభువు ముఖం ఎలా ఉండేదో చెప్పే వాక్యం ఒక్కటీ దొరకదు. రంగు లేదు, ఎత్తు లేదు, ముక్కుతీరు లేదు. రూపాంతరం పొందినప్పుడు ముఖం సూర్యుడిలా వెలిగిందని ఉందే గానీ, ఆ ముఖం ఎలాంటిదో లేదు. మరియమ్మ సంగతీ అంతే. దేవదూత ఆమెను చూడగానే పలికింది ఆమె వరప్రసాదంతో నిండి ఉందనే. జపమాలలో రోజూ మనమూ అదే పలుకుతాం. కానీ ప్రభువు సిలువ మరణాన్ని తలచుకునే పవిత్ర శుక్రవారం నాడు శ్రీసభ ప్రభువు రూపం గురించి ఒక పఠనం చదివిస్తుంది. యెషయా 53వ అధ్యాయం: చూడటానికి ఆయనలో అందం లేదు, జనం ముఖం తిప్పుకున్నారు. 45వ కీర్తనేమో మనుషులందరిలో నీవే మిక్కిలి అందగాడివి అని పాడుతుంది. రెండూ క్రీస్తు గురించే అని మనం నమ్ముతాం. రెండూ ఎలా నిజమవుతాయి? తరువాతి కాలంలో 16వ బెనెడిక్ట్ పాపుగారు (పోప్) అయిన కార్డినల్ రాట్జింగర్ 2002లో ఇటలీలోని రిమినిలో జరిగిన ఒక సమావేశానికి పంపిన సందేశంలో ఈ ప్రశ్ననే ఎత్తుకున్నారు. ఆయన జవాబు ఏమిటంటే, కొట్టి రూపు చెడగొట్టిన ఆ ముఖంలోనే అసలైన అందం కనిపిస్తుంది, ఎందుకంటే అది చివరి దాకా వెళ్లిన ప్రేమ అందం. యెషయా చెప్పింది అబద్ధమని ఆయన అనలేదు. ముఖం చెడిపోయింది నిజమే, ఆ చెడిపోవడం ఎవరి కోసమో తెలిసినవాళ్లకు దానికన్నా అందమైనది లేదన్నదీ నిజమే.

అయితే ఆ ప్రేమ మన దగ్గరికి వచ్చేసరికి ఏం చేస్తుంది? 13వ శతాబ్దపు మహా వేదాంతి పునీత (సెయింట్) తోమాసు అక్వినాసు చెప్పిన ఒక మాట తరగతుల్లో తప్పకుండా చెబుతాను. మనం దేన్నైనా ప్రేమించాలంటే అందులో ముందే ఏదో మంచి ఉండాలి, అది చూసి మన మనసు కదులుతుంది. దేవుడి ప్రేమ అలా పనిచేయదు. ఆయన ప్రేమించడం వల్లే వస్తువులో మంచి పుడుతుంది. మీ ఫోటో చూసినవాళ్లు అందం ఉందా లేదా అని వెతికి, కనబడలేదనుకుని వెళ్లిపోయారు. దేవుడు మీలో అందం ఉందా అని వెతకలేదు. ఆయన మిమ్మల్ని ఇష్టపడ్డాడు కాబట్టి మీరు ఉన్నారు, మీలో ఉన్నదంతా ఆ ఇష్టంలోంచే వచ్చింది. నల్లగా పుట్టడం ఆయన చేతిలో జరిగిన పొరపాటు కాదు.

అక్వినాసుకు ఎనిమిది వందల ఏళ్లకు పైగా ముందే పునీత అగుస్తీను ఇంకో అడుగు ముందుకు వేశాడు. యోహాను మొదటి లేఖ మీద ప్రసంగిస్తూ జనాన్ని ఒక సూటి ప్రశ్న అడిగాడు. అందవికారమైన మగవాడు అందగత్తెను ప్రేమిస్తే, ఆ ప్రేమవల్ల అతడు అందగాడవుతాడా? అవడు. అద్దంలో చూసుకుంటే అదే ముఖం, సిగ్గుతో తలదించుకోవాల్సిందే. కానీ దేవుణ్ణి ప్రేమిస్తే అలా కాదు. ఆయన ఎప్పుడూ అందగాడే, మనం పాపంవల్ల వికారమైనప్పుడే ఆయన ముందుగా మనల్ని ప్రేమించాడు, ఆయనను తిరిగి ప్రేమించడంలో మనం అందంగా మారతాం. నీలో ప్రేమ ఎంత పెరిగితే అందం అంత పెరుగుతుంది, ఎందుకంటే ప్రేమే ఆత్మకు అందం అని ముగించాడు. నన్ను అడిగితే, మీ ప్రశ్నకు కతోలిక జవాబు ఈ ఒక్క మాటలో ఉంది. దేవుడు ప్రేమించాడు గనుక మనిషికి అందం మొదలైంది. మనిషి తిరిగి ప్రేమించేకొద్దీ అది పెరుగుతుంది. వయసుతో పాటు పెరగగల అందం ఇదొక్కటే.

'మళ్లీ మనసు దగ్గరికే వచ్చారుగా' అంటారేమో. లేదమ్మా, ఈ ప్రేమ చేతులతో, కాళ్లతో చేసేది. పవిత్ర గురువారం సాయంత్రం పూజలో ప్రభువు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా పాదాలు కడిగే ఘట్టం ఉంటుంది కదా. 2016 జనవరిలో రోమునుంచి ఉత్తర్వు వచ్చాక ఆడవాళ్లను కూడా ఆ వరుసలో కూర్చోబెట్టవచ్చు. మా గుడిలో మిరపకోతలకు వెళ్లే ఒక పెద్దావిడ ఆ సంవత్సరం కూర్చుంది. ఇంట్లో ఎంత తోముకుని వచ్చిందో, మడమల పగుళ్లలో నల్లరేగడి గీతలు మాత్రం పోలేదు. ఆ మట్టి తోమితే పోయేది కాదు. గురువు పళ్లెం పట్టుకుని ఎదుట మోకరించగానే ఆమె కాలు చీర కుచ్చిళ్లలోకి లాక్కుంది. ఆయన కాసేపు అలాగే ఆగి, మడమ కింద చెయ్యి పెట్టి కాలు బయటికి తీసి, నీళ్లు పోసి, తుండుతో తుడిచి, వంగి ముద్దు పెట్టుకున్నారు. ఆ మడమలు పగిలింది పిల్లల్ని చదివించడానికి చేలో నిలబడినందుకు. ప్రేమ ఒంటిమీద రాసే రాత అలా ఉంటుంది. దాన్ని వికారం అనేవాళ్లు చదవడం రానివాళ్లు.

పునీతుల్లో మీకు ఒకరిని తోడు ఇవ్వాలని ఉంది. మధ్య ఇటలీలో మెతోలా కోటలో 1287లో ఒక పెద్దింట్లో మార్గరెట్ పుట్టింది. పుట్టుగుడ్డి, వెన్ను వంకర, ఒక కాలు పొట్టి, మనిషి మరీ గిడస. కొడుకు కోసం ఎదురు చూసిన తల్లిదండ్రులకు ఇది తలవంపుగా తోచింది. ఎవరి కంటా పడకుండా, ప్రార్థనాలయం పక్కన ఒక చిన్న గదిలో పెట్టి గోడ కట్టించారని ఆమె చరిత్ర చెబుతుంది. తరువాత చిత్తా ది కాస్తెల్లో అనే ఊళ్లో ఒక భక్తుడి సమాధి దగ్గర స్వస్థతలు జరుగుతున్నాయని విని అక్కడికి తీసుకెళ్లారు. స్వస్థత జరగలేదు. పిల్లను అక్కడే వదిలేసి వెళ్లిపోయారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. దేవుడు ఆ వెన్ను సరిచేయలేదు. కళ్లివ్వలేదు. ఊళ్లోని పేదలు ఆమెను వంతులవారీగా తమ ఇళ్లలో పెట్టుకున్నారు. ఆమె దోమినికన్ సభ గృహస్థ స్త్రీలలో చేరి, పనికి వెళ్లే తల్లుల పిల్లలను చూసుకుంది, వాళ్లకు ప్రార్థనలు, కీర్తనలు నేర్పింది, చెరసాలలో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లింది. 1320లో ఆమె చనిపోయినప్పుడు గుడి లోపలే పాతిపెట్టాలని ఊరు ఊరంతా పట్టుబట్టింది. కన్నవాళ్లు చూడలేక గోడ కట్టిన ఒంటిని ఊరు తమ గుడిలో పెట్టుకుంటామంది. 2021 ఏప్రిల్ 24న ఫ్రాన్సిస్ పాపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. ఆమె వంకర వెన్నును కప్పిపుచ్చుతూ బొమ్మలు గీసే చిత్రకారులంటే నాకు కోపం. ఆ వెన్నుతోనే ఆమె అందరినీ మోసింది.

అమెరికా ఆదివాసీ పునీతురాలు కాతేరి తేకక్వితా కథా మీకు ఎదురయ్యే ఉంటుంది. చిన్నతనంలో మశూచి వచ్చి తల్లిదండ్రులు పోయారు, ఆమెకు ముఖమంతా మచ్చలు మిగిలాయి, చూపు తగ్గింది. 1680లో 24 ఏళ్లకు చనిపోయిన కాసేపటికే ఆ మచ్చలు పోయి ముఖం ఎంతో అందంగా మారిందని దగ్గరున్న గురువు రాసిపెట్టాడు. దాన్ని నేను నమ్ముతాను. కానీ ఈ కథ చెప్పేటప్పుడు మచ్చలు పోయాకే ఆమె అందగత్తె అయిందన్న అర్థం రాకుండా చూసుకోవాలి. మచ్చలతోనే ఆమె మంచులో నడిచి గుడికి వెళ్లింది, రోగులకు సేవ చేసింది. దేవుడు అప్పుడూ అదే ముఖాన్ని చూశాడు.

ఉత్థానమైన ప్రభువు శరీరం చూడండి. మరణాన్ని జయించిన శరీరానికి గాయాలు మాన్పుకోవడం కష్టమా? అయినా శిష్యుడు తోమాసుకు చూపించడానికి ఆ చేతుల్లో, ప్రక్కలో గుర్తులు ఉన్నాయి. ఉత్థానంలో శరీర లోపాలన్నీ పోతాయని రాసిన అగుస్తీనే, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షుల గాయాల గుర్తులు మాత్రం పరలోకంలో కనిపిస్తాయేమో, అవి వాళ్లకు వికారం కాదు, గౌరవం అవుతాయని అన్నాడు. శస్త్రచికిత్స చేసి ఒక రొమ్ము తీసేసిన అక్కలు, కాన్పు చారలు చూసి బాధపడే తల్లులు నాతో మాట్లాడినప్పుడు ఈ మాటే చెబుతాను. అందులో ఓదార్పు ఉంది, దానికన్నా ఎక్కువ నిజం ఉంది.

రంగు గురించి సూటిగా చెప్పాలి, ఎందుకంటే మిమ్మల్ని గాయపరిచింది అదే. బైబిలులోని పరమగీతంలో పెళ్లికూతురు నోరు తెరిచి తన గురించి చెప్పే మొదటి సంగతే తాను నల్లనిదాన్నని, అందగత్తెనని. ఎండ నన్ను మాడ్చింది, అన్నదమ్ములు నన్ను ద్రాక్షతోటలకు కాపలా పెట్టారు అంటుంది. పొలం పనికి పోయిన పిల్ల ఆమె. ఆ పిల్ల ప్రేమగీతాన్నే క్రీస్తుకూ శ్రీసభకూ మధ్య ప్రేమగా మన పెద్దలు తరతరాలుగా చదివారు. 1531లో మెక్సికోలో హువాన్ దియేగో అనే ఆదివాసీకి కనిపించిన గ్వాదలూపే మాత రూపం అక్కడివాళ్లలా చామనఛాయే. ఆయనతో ఆయన భాషలోనే మాట్లాడింది. మన గుళ్లలో మాత్రం పాలరాతి తెలుపు, నీలికళ్ల స్వరూపాలే ఎక్కువ. వాటి ముందు మోకరించి పెరిగిన పిల్లలకు పవిత్రత అంటే తెలుపు అనే భ్రమ లోపల నాటుకుపోయింది. ఇది మార్చుకోవలసిన విషయమని, గుడి కట్టేటప్పుడు విచారణ పెద్దలు దీని మీద నోరు విప్పాలని నా గట్టి అభిప్రాయం.

గుణదల తిరునాళ్లకు వెళ్లే ఉంటారు. అక్కడ మనం మొక్కే లూర్దుమాత ఫ్రాన్సులోని లూర్దులో కనిపించిన బెర్నదెత్ కూడా పెళ్లిచూపుల్లో నిలబెడితే ఎవరూ ఎంచుకోని పిల్లే. 1858లో ఆమెకు 14 ఏళ్లు, పొట్టి మనిషి, ఉబ్బసం, చదువు రాదు, ఇల్లు పోయి కుటుంబమంతా పాత చెరసాల గదిలో ఉండేవాళ్లు. ఆ పిల్లను మరియమాత 'మీరు' అని పిలిచి, దయచేసి పదిహేను రోజులు ఇక్కడికి వస్తారా అని అడిగింది. బెర్నదెత్‌ను అంత మర్యాదగా అప్పటిదాకా ఎవరూ పలకరించి ఉండరు. ఒక మనిషి మరో మనిషిని చూసినట్టు నన్ను చూసింది అని ఆమె తరువాత చెప్పుకుంది. మీకు అలా చూసే చూపు దొరకలేదు ఇన్నాళ్లూ. లోపం మీ ముఖంలో లేదు.

ఇక పార్లరు సంగతి. అందంగా కనపడాలనుకోవడం పాపం కాదు. యూదితు గ్రంథం 10వ అధ్యాయం చదవండి: ఆమె స్నానం చేసి, సుగంధతైలం పూసుకుని, జడ అల్లుకుని, కాలికి గజ్జెలు, చేతికి కంకణాలు, చెవికి పోగులు పెట్టుకుని బయలుదేరింది, తన ప్రజలను కాపాడింది. జబ్బువల్ల వచ్చిన వికారాన్ని కప్పుకోవడం తప్పు కాదని అక్వినాసు కూడా రాశాడు. తప్పు ఎక్కడ మొదలవుతుందో సత్యోపదేశం 2289వ అంశంలో ఉంది: శరీరాన్ని పూజించడం, దాని కోసం అన్నీ బలిపెట్టడం, ఒంటి పరిపూర్ణతను విగ్రహం చేసుకోవడం. ఇది చంపవద్దన్న ఐదవ ఆజ్ఞ కింద, ఆరోగ్యాన్ని కాపాడుకోమనే బోధ పక్కనే ఉందని గమనించండి. తెల్లబడతారని చెప్పి మందుల షాపులో చీటీ లేకుండా అమ్మే స్టెరాయిడ్ క్రీములు నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు లేచి ముఖం పాడవుతుంది. మీరు ఇప్పటికే వాడుతుంటే చర్మవైద్యుడికి చూపించి, ఆయన చెప్పినట్టు మానండి. ఉన్నట్టుండి ఆపినా కొందరికి ఎక్కువవుతుంది.

ఫోటోను ఫోన్లో తెల్లగా మార్చి పంపమని ఇంట్లో ఒత్తిడి చేస్తున్నారని చివర్లో రాశారు. పంపకండి. సత్యోపదేశం అందం గురించి ఎనిమిదవ ఆజ్ఞ కింద, అబద్ధ సాక్ష్యం చెప్పవద్దన్న చోట కూడా మాట్లాడుతుంది. సత్యానికే ఒక అందం ఉంటుందని అక్కడ చెబుతుంది. మామూలు వెలుతురులో, మీకు నచ్చిన చీరలో తీసిన ఫోటో పంపండి. ఫోనులో 'అమ్మాయి కలర్ ఎలా ఉంటుంది' అని అడిగితే 'నలుపండి' అని నాన్నగారు తడబడకుండా చెప్పాలి. గొంతు తగ్గించి, దానికి కట్నం కలిపి చెప్పకూడదు. అలా చెబితే ఆ గాయం అవతలివాళ్లు చేసినదానికన్నా లోతుగా దిగుతుంది. ఈ మాట మీరు చెప్పలేకపోతే మీ విచారణ గురువుల చేతనో, సిస్టర్ల చేతనో చెప్పించండి.

సంబంధం చూడటానికి వచ్చిన అబ్బాయితో విడిగా మాట్లాడే వీలు దొరికితే, వాళ్లింట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లు ఉన్నారా, ఉంటే వాళ్లకు స్నానం చేయించేది ఎవరు అని అడగండి. జీతం, ఇల్లు అడిగినట్టే ఇదీ అడగవచ్చు. జవాబు చెప్పేటప్పుడు అతను ఎటు చూస్తున్నాడో గమనించండి. నచ్చకపోతే వద్దనే హక్కు మీకూ ఉంది. ఇద్దరి స్వేచ్ఛాయుత సమ్మతి లేనిదే శ్రీసభలో పెళ్లి పెళ్లి కాదు, ఆ మాట పెళ్లికి ముందు గురువులు మిమ్మల్ని విడిగా కూర్చోబెట్టి అడుగుతారు.